కట్ట మారలేదు, కట్ట కింద ఊరు మారింది

ఈ వారం ఎపిసోడ్ విన్నవాళ్లకి ఇది కొంచెం వివరంగా, విననివాళ్లకి మొదటి నుంచి. నైట్ షిఫ్ట్‌లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకునే వీలు లేనివాళ్లు చదువుకోవడానికి, ఎప్పటిలాగే కథ మొత్తం రాసి పెడుతున్నాం.

డల్లస్‌కి ఉత్తరాన మెకిన్నీ చుట్టుపక్కల ఉండేవాళ్లు ఇది చూసే ఉంటారు. సాయంత్రం వాకింగ్‌కి వెళ్తే ఒక చెరువు లాంటిది కనిపిస్తుంది. ఒకవైపు గడ్డి మొలిచిన పొడుగాటి గట్టు, దాని మీదో పక్కనో నడిచే దారి. గట్టుకి కాస్త దూరంలో, నీళ్ల మధ్య ఒక కాంక్రీట్ పెట్టె నిలబడి ఉంటుంది. దాని చుట్టూ ఇనుప కడ్డీలు. బాతులు తిరుగుతుంటాయి. ఎవరో ఒకాయన గాలం వేసుకుని కూర్చుని ఉంటాడు. ఇళ్లమ్మేవాళ్లు దాన్ని లేక్ అంటారు, అటువైపు కిటికీ ఉన్న ఇంటికి ధర కాస్త పెంచుతారు.

అది లేక్ కాదు. చాలాచోట్ల అది వరదని ఆపడానికి రైతుల పొలాల్లో కట్టిన మట్టి డ్యామ్. మనం నడుస్తున్న గట్టు దాని కట్ట. నీళ్లలో ఉన్న ఆ పెట్టె దాని తూము. అమెరికాలో 47 రాష్ట్రాల్లో ఇలాంటివి సుమారు 12 వేలు ఉన్నాయి. ఒక్క టెక్సస్‌లోనే దాదాపు రెండు వేలు, పక్కనే ఉన్న ఓక్లహోమాలో ఇంకాస్త ఎక్కువ. హూవర్ డ్యామ్ పేరు అందరికీ తెలుసు. వీటికి చాలావరకు పేరే లేదు, వాగు పేరు పక్కన ఒక నంబరు, అంతే.

ఇవి ఎందుకు పుట్టాయి, ఎవరి భూమిలో పుట్టాయి, ఇప్పుడు వాటి కింద ఎవరుంటున్నారు, ఈ మూడు ప్రశ్నల చుట్టూ తిరిగే కథ ఇది. మూడో ప్రశ్నకి జవాబులో మనమూ ఉన్నాం.

వాషిటా ఒడ్డున

కథ టెక్సస్‌లో కాదు, పశ్చిమ ఓక్లహోమాలో, వాషిటా నది దగ్గర మొదలవుతుంది. అది షయాన్, అరాపహో తెగల నేల. 1868 నవంబర్ 27న ఆ నది ఒడ్డునే కస్టర్ సైన్యం తెల్లవారుతుండగా బ్లాక్ కెటిల్ గూడెం మీద పడి ఆయన్ని చంపేసింది. తర్వాత ఆ తెగల్లో మనిషికి 160 ఎకరాల చొప్పున కేటాయించి, మిగులు భూమి అని చెప్పి, 1892 ఏప్రిల్‌లో మిగతాదంతా బయటివాళ్లకి తెరిచారు. గుర్రాల మీద, బండ్ల మీద పరుగెత్తుకొచ్చి, ముందొచ్చినవాడు ముందు జెండా పాతుకున్నాడు.

అలా వచ్చిన రైతులు వేల ఏళ్లుగా నాగలి తగలని గడ్డినేలని దున్నేశారు. పత్తి వేశారు, గోధుమ వేశారు. ఏటవాలు నేలల్లో కూడా వాలు వెంబడే నిలువుగా సాళ్లు తోలారు. గడ్డి వేళ్లు పట్టి ఉంచినంతకాలం కదలని మన్ను వానకి కొట్టుకుపోవడం మొదలైంది. పొలాల్లో మనిషి లోతు కోతలు పడ్డాయి. ఆ మన్నంతా వాగుల్లోకి చేరి అడుగున పేరుకుంది. వాగు పూడిపోతే నీళ్లకి దారి ఏది? చిన్న వానకే గట్టు దాటి చేలల్లోకి వచ్చేది.

1934 ఏప్రిల్ మొదటి వారంలో వాషిటా ఎగువన కొన్ని గంటల్లోనే విపరీతమైన వాన కురిసింది. నిద్రలో ఉన్న హామన్ ఊరి మీదకి నది వచ్చింది. 17 మంది చనిపోయారు. దాదాపు ఏడాదికి, 1935 ఏప్రిల్ 14న, అదే ప్రాంతం మీదుగా అమెరికా చరిత్రలో పేరుపడ్డ నల్ల దుమ్ము తుఫాను వెళ్లింది. ఒక ఏడు నేల నీళ్లలో పోయింది, మరుసటి ఏడు గాలిలో పోయింది. రెండింటికీ కారణం ఒకటే, నేలని పట్టుకునేది ఏదీ మిగల్లేదు.

ఈ మాట అంతకు ముందు నుంచే గట్టిగా చెబుతూ వచ్చిన మనిషి హ్యూ హామండ్ బెనెట్. నార్త్ కరోలినా పత్తి రైతు కుటుంబంలో పుట్టిన భూసార శాస్త్రవేత్త. దుమ్ము తుఫాను తర్వాత రెండు వారాలకి, 1935 ఏప్రిల్ 27న, భూసంరక్షణ చట్టం మీద సంతకమైంది. కొత్తగా పుట్టిన భూసంరక్షణ శాఖకి బెనెట్ మొదటి అధిపతి అయ్యాడు. ఆయన వాదన సూటిగా ఉండేది. వరదని నది దగ్గర ఆపాలని చూస్తే ఆలస్యమైపోతుంది, చినుకు పడ్డచోట మొదలుపెట్టాలి. ముందు పొలంలో అడ్డసాళ్లు, గట్లు, గడ్డి. అప్పటికీ ఆగని నీళ్లకి చిన్న వాగుల మీద చిన్న కట్టలు.

చిన్న కట్టలా, పెద్ద డ్యాములా

1944 డిసెంబర్ 22న వచ్చిన వరద నియంత్రణ చట్టంలో దేశం మొత్తం మీద 11 నదీ పరీవాహకాలని ఈ ప్రయోగానికి ఎంచుకున్నారు. అందులో వాషిటా ఒకటి. డల్లస్ గుండా పారే ట్రినిటీ నది ఇంకొకటి. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక పనులు మొదలై, 1948 జులైలో ఓక్లహోమాలో కార్డెల్ ఊరి దగ్గర క్లౌడ్ క్రీక్ మీద మొదటి కట్ట పూర్తయింది. ఆ తర్వాత రోజర్ మిల్స్ కౌంటీలో శాండ్‌స్టోన్ క్రీక్ అనే ఒక్క వాగుకీ దాని పిల్లవాగులకీ కలిపి 24 కట్టలు కట్టి, ఒక పరీవాహకం మొత్తాన్ని ఇలా కట్టడి చేస్తే ఏమవుతుందో చూపించారు.

అప్పుడు పెద్ద గొడవే నడిచింది. ఒకవైపు సైన్యం ఇంజనీర్ల విభాగం. వాళ్లవి నది మీద పెద్ద డ్యాములు. ఇంకోవైపు వ్యవసాయ శాఖ, చిన్న కట్టలు. కాన్సస్‌లో టటిల్ క్రీక్ డ్యామ్ కింద ఊళ్లకి ఊళ్లు మునుగుతాయని తెలిసిన బ్లూ వ్యాలీ రైతులు, మా ఊళ్లు ముంచకండి, ఎగువన చిన్న కట్టలు కట్టండి అని పోరాడారు. వాళ్లు ఓడిపోయారు, డ్యామ్ కట్టారు. మునక అంటే ఏంటో తెలిసిన మన శ్రీశైలం, మిడ్ మానేరు ఊళ్లవాళ్లకి ఈ గోడు విడమర్చి చెప్పక్కర్లేదు.

1954లో ఓక్లహోమా పాత్రికేయుడు ఎల్మర్ పీటర్సన్ పెద్ద డ్యాముల పిచ్చి మీద ఒక పుస్తకమే రాశాడు. అదే ఏడాది లూనా లియోపోల్డ్, థామస్ మ్యాడక్ అనే ఇద్దరు జలశాస్త్రవేత్తలు ఇంకో పుస్తకంలో రెండు వర్గాలనీ తూకం వేశారు. చిన్న కట్ట తన కిందున్న చేలని కాపాడుతుంది, కానీ వంద మైళ్ల దిగువన పెద్ద నదికి వచ్చే మహా వరదని అది ఆపలేదు అన్నారు. ఆ మాట నిజం. చిన్న కట్ట పరిధి చిన్నదే. దాని కింద కొన్ని మైళ్ల మేర ఉన్న చేలు, దారులు, చిన్న వంతెనలు, వాటి కోసమే అది.

1954 ఆగస్టు 4న ఐసెన్‌హోవర్ సంతకంతో ఈ పథకం దేశమంతటికీ విస్తరించింది. ఇవి పెద్దవి కాకుండా చట్టంలోనే గీత గీశారు. ఇప్పుడున్న నిబంధన ప్రకారం ఒక్కో కట్ట వెనక వరద నీళ్లు 12,500 ఎకరా అడుగులకి మించకూడదు. మన లెక్కలో చెప్పాలంటే అర టీఎంసీ కన్నా కాస్త ఎక్కువ. అది గరిష్ఠం మాత్రమే, చాలావాటిలో పట్టేది అందులో కొద్ది భాగం. ఎత్తు కూడా రెండు మూడు అంతస్తుల ఇల్లంత ఉంటుంది.

నిండకూడని చెరువు

మన చెరువు తెలిసినవాళ్లకి ఈ కట్ట ఇంజనీరింగ్ ఐదు నిమిషాల్లో అర్థమవుతుంది. మొదట వాగుకి అడ్డంగా గట్టినేల తగిలేదాకా కందకం తవ్వి, బంకమట్టితో నింపుతారు, కట్ట అడుగు నుంచి నీళ్లు జారకుండా. దాని మీద మట్టిని జానెడు మందం పొరలుగా పోస్తూ, ఒక్కో పొరనీ బరువైన రోలర్‌తో తొక్కిస్తారు. ఆ రోలర్ చక్రానికి గొర్రె డెక్కల్లాంటి ముళ్లుంటాయి. మన దగ్గర వడ్డెరలు కట్టలు పోసిన కాలంలో మనుషులు, పశువులు తొక్కి చేసిన పనే ఇది. పైన గడ్డి పరుస్తారు, వాన దెబ్బకి మన్ను జారకుండా.

తూము బదులు ఆ కాంక్రీట్ పెట్టె. దాని అంచు దాకా నీళ్లు ఎప్పుడూ నిలిచే ఉంటాయి. మనకి చెరువులా కనిపించేది ఈ భాగమే. నిజానికి అది నీళ్ల కోసం వదిలింది కాదు, యాభై ఏళ్లలో చేరబోయే పూడిక కోసం వదిలిన చోటు. పెద్ద వాన పడితే నీటిమట్టం ఆ అంచు దాటి పైకి లేస్తుంది. అప్పుడు నీళ్లు పెట్టెలోకి దూకి, కట్ట కింద వేసిన పైపు గుండా కొద్దికొద్దిగా అవతలికి పోతాయి. పైపు చిన్నది, కావాలనే చిన్నది పెట్టారు. ఒక గంటలో ఊరి మీద పడాల్సిన నీళ్లు కొన్ని రోజుల పాటు మెల్లగా పారుతాయి. పట్టిన వరదలో అత్యధిక భాగం పది రోజుల్లోపు ఖాళీ అయిపోవాలన్నది లెక్క, ఎందుకంటే తర్వాతి వానకి మళ్లీ చోటు కావాలి.

అంతకన్నా పెద్ద వాన వస్తే కట్ట పక్కన, నేలని చదునుగా తీసి గడ్డి పెంచిన ఒక వెడల్పాటి దారి ఉంటుంది. మన అలుగు అదే, తెలంగాణలో మత్తడి. మామూలు రోజుల్లో అది ఖాళీ మైదానంలా ఉంటుంది, పిల్లలు ఆడుకుంటుంటారు. గేట్లు లేవు, తిప్పే చక్రం లేదు, నీరటికాడు లేడు. నీళ్లొస్తే దానంతటదే పనిచేస్తుంది.

మన చెరువుకీ దీనికీ తేడా ఒక్కచోటే ఉంది. మన చెరువు నిండాలి. మత్తడి దుంకిందంటే ఊరంతా చూడ్డానికి పోతుంది, ఆ ఏడు పంటకి ఢోకా లేదని. ఈ కట్ట నిండకుండా ఖాళీగా ఉండాలి. అది బాగా పనిచేసిందంటే కింద ఏమీ జరగలేదని అర్థం. ఏమీ జరగని చోట గుర్తుపెట్టుకోవడానికి కూడా ఏమీ ఉండదు. దీని చిక్కంతా అక్కడే మొదలైంది.

భూమి ఇచ్చినవాళ్లు

కట్టుబడి ఖర్చు ప్రభుత్వం పెట్టింది. భూమి హక్కులు సమకూర్చడం మాత్రం స్థానికుల పని. ఆ ప్రాంతాల్లో రైతులు తమలో తాము ఎన్నుకున్న భూసంరక్షణ డిస్ట్రిక్టులు ఇంటింటికీ తిరిగి సంతకాలు అడిగాయి. చాలామంది డబ్బు తీసుకోకుండానే రాసిచ్చారు. భూమి అమ్మలేదు, ఒక హక్కు రాసిచ్చారు. ఈ గీత దాకా నీళ్లు వస్తే రానిస్తాం, కట్టని చూసుకోవడానికి మీరొస్తే అడ్డుచెప్పం, అని. దాన్ని ఈజ్‌మెంట్ అంటారు. అది మనిషితో పోయేది కాదు, భూమితో పాటు నడిచేది. తాత రాసిస్తే మనవడికీ వర్తిస్తుంది. మనవడి దగ్గర కొన్న బిల్డర్‌కీ, బిల్డర్ దగ్గర కొన్న మనకీ వర్తిస్తుంది.

రాసిచ్చిన రైతుకి లాభం చాలాసార్లు తక్కువే. కట్ట పడ్డది తన పొలంలో, నీళ్లు నిలిచేది తన పొలంలో. కాపాడేది దిగువ రైతు చేలని. అయినా ఇచ్చారు. 1950 నుంచి ఏడేళ్లు టెక్సస్‌ని ఎండగట్టిన కరవు 1957 వసంతంలో వరదలతోనే ముగిసింది. ఎండా వరదా రెండూ ఒకే చేతి దెబ్బలా తగిలిన తరం అది. పక్కవాడి వాగు తన వాగేనని వాళ్లకి ఎవరూ విడిగా చెప్పనక్కర్లేకపోయింది.

ఊరు దగ్గరికొచ్చింది

ఇప్పుడు కాలిన్ కౌంటీకి వద్దాం. ట్రినిటీ నది తూర్పు పాయ పరీవాహకం ఇది. మెకిన్నీ చుట్టూ ఉన్న ఈ కట్టల వాగులు చాలావరకు చివరికి లావన్ లేక్‌లో కలుస్తాయి. నేల నల్లరేగడి. పోలిక కోసం అన్న మాట కాదు, ఆదిలాబాద్, కర్నూలు పత్తి చేలల్లో ఉన్నదీ ఇక్కడ ఉన్నదీ శాస్త్రం ప్రకారం ఒకే జాతి నేల. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే చేయి పట్టేంత పగుళ్లు ఇస్తుంది. ఇక్కడ ఇళ్ల పునాదులు కదలడం వెనక, ఎండాకాలం గోడ చుట్టూ నీళ్లు పెట్టడం వెనక ఉన్న కారణం కూడా అదే. ఒకప్పుడు ఇది పెద్ద పత్తి కౌంటీ.

1950లో ఈ కౌంటీ మొత్తం జనాభా 41,692. ఫ్రిస్కోలో 736 మంది. కట్టలు లెక్కగట్టినప్పుడు కింద ఏముందో చూశారు. పత్తి చేను, పశువుల మేత, ఒక మట్టిరోడ్డు. కట్ట తెగితే పంట పోతుంది, కంచె పోతుంది, మనిషి ప్రాణం పోయే అవకాశం తక్కువ. అందుకే వాటిలో చాలావాటిని 'లో హజార్డ్' అని, అంటే తక్కువ ముప్పు తరగతిలో కట్టారు. తక్కువ ముప్పు కట్టకి అలుగు చిన్నది చాలు. ఎత్తు కూడా కాస్త తగ్గినా పరవాలేదు.

2020 జనాభా లెక్కల్లో అదే కౌంటీలో 10,64,465 మంది. ఫ్రిస్కోలో రెండు లక్షలు దాటారు. మెకిన్నీలో 1,95,308. పత్తి చేను ప్లాట్లయింది. మట్టిరోడ్డు ఆరు వరసల రోడ్డయింది. స్కూళ్లొచ్చాయి, అపార్ట్‌మెంట్లొచ్చాయి, గుళ్లొచ్చాయి, బిర్యానీ సెంటర్లొచ్చాయి. ఆ వచ్చినవాళ్లలో మనవాళ్లు ఎంతమందో ఏ వీకెండ్ అయినా ఇండియన్ గ్రాసరీ పార్కింగ్‌లో చూస్తే తెలుస్తుంది.

ఇలా పెరిగిన చోట్ల కట్ట మీద ఒక్క మట్టిపెడ్డ కూడా కదలకుండానే దాని తరగతి మారిపోతుంది. కింద ఇల్లు వచ్చిందంటే అది 'హై హజార్డ్' కట్ట అవుతుంది. ఇక్కడ ఒక అపోహ తీసేయాలి. హై హజార్డ్ అంటే కట్ట బలహీనంగా ఉందని కాదు. ఒకవేళ తెగితే ప్రాణాలు పోయే అవకాశం ఉందని. కట్ట ఆరోగ్యం ఎలా ఉందన్నది వేరే లెక్క. కానీ ప్రాణాల మీదికొచ్చే కట్టకి ఉండాల్సిన అలుగు, ఉండాల్సిన ఎత్తు చాలా ఎక్కువ. చేను కోసం కట్టినదాన్ని ఊరి కోసం కట్టినదిగా మార్చాలంటే మళ్లీ కోట్ల ఖర్చు.

పైగా వయసు. ఈ కట్టల్లో ఎక్కువ భాగం యాభై ఏళ్ల ఆయుష్షు లెక్కతో కట్టినవి. దేశం మొత్తం మీద సగానికి పైగా ఆ గీత దాటేశాయి. యాభై ఏళ్లయిందని మర్నాడే కట్ట కూలదు. అయితే పూడిక నిండుతూ వస్తుంది. కొన్నిచోట్ల వేసిన ఇనుప పైపులు తుప్పు పడతాయి. కట్ట మీద చెట్లు మొలుస్తాయి. చెట్టు చచ్చాక వేరు కుళ్లి, లోపల సన్నటి సొరంగంలా మిగులుతుంది. అడవిపందులు తవ్వుతాయి, బొరియలు చేసే జంతువులు చేరతాయి. మట్టికట్ట రెండు రకాలుగా పోతుంది. పైనుంచి నీళ్లు పొర్లి కోసుకుపోవడం ఒకటి. లోపలి సందుల్లోంచి ఊట మొదలై, మట్టిరేణువులని మోసుకుపోతూ, దారి పెద్దదై గండి పడటం ఇంకొకటి. రెండోది ఎండరోజుల్లో కూడా జరగొచ్చు.

మట్టికట్ట తెగితే ఏమవుతుందో మన కడప జిల్లావాళ్లు 2021 నవంబర్ 19న చూశారు. పింఛా నుంచి వచ్చిన వరదకి అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగింది, చెయ్యేరు ఒడ్డున పల్లెలు కొట్టుకుపోయాయి. అమెరికాలోనూ ఇలాంటి రాత్రి ఒకటుంది. 1977 నవంబర్ 6న జార్జియాలో కెల్లీ బార్న్స్ అనే పాత మట్టికట్ట అర్ధరాత్రి దాటాక తెగి, కింద ఉన్న కాలేజీ క్యాంపస్ మీద పడింది. 39 మంది చనిపోయారు. అది ఈ వ్యవసాయ శాఖ పథకంలోది కాదు. ఒకప్పుడు కరెంటు కోసం వాడి, ఆ పని ఆగిపోయాక ఊరికే లేక్‌లా మిగిలిపోయిన కట్ట. అందరూ అందమైన చెరువు అనుకున్నారు, కట్ట అన్న సంగతి మరిచిపోయారు. ఆ తర్వాతే అధ్యక్షుడు కార్టర్ దేశమంతా ముప్పున్న కట్టల్ని తనిఖీ చేయించాడు.

ఎవరు చూసుకోవాలి

వ్యవసాయ శాఖ లెక్క ప్రకారం ఈ చిన్న కట్టల వల్ల దేశానికి ఏటా రెండు వందల కోట్ల డాలర్లకి పైగా మేలు జరుగుతోంది. 2015 మే నెల టెక్సస్ రికార్డుల్లోనే అత్యధిక వాన కురిసిన నెల. అలాంటి నెలల్లోనే ఇవి పనికొస్తాయి. కాబట్టి కట్టలు వద్దనడం జవాబు కాదు. చూసుకునేదెవరు అన్నదే ప్రశ్న.

కట్టింది కేంద్ర ప్రభుత్వం, అప్పగించింది స్థానికులకి. టెక్సస్‌లో చాలాచోట్ల ఆ బాధ్యత భూసంరక్షణ డిస్ట్రిక్టు మీద ఉంది, కొన్నిచోట్ల కౌంటీనో సిటీనో కలిసి పంచుకుంటుంది. ఆ డిస్ట్రిక్టులకి పన్ను వేసే అధికారం లేదు. కట్ట కింద లేచిన ఇళ్ల మీద ప్రాపర్టీ టాక్స్ సిటీకి వస్తుంది, కౌంటీకి వస్తుంది, స్కూల్ డిస్ట్రిక్టుకి వస్తుంది. కట్ట మీద గడ్డి కోయించాల్సిన డిస్ట్రిక్టుకి మాత్రం అందులో నేరుగా వాటా లేదు. గ్రాంట్ వస్తే పని జరుగుతుంది, లేకపోతే ఆగుతుంది.

2000లో ఒక చట్టం చేసి, పాత కట్టల్ని బాగుచేయడానికి ఖర్చులో 65 శాతం కేంద్రం పెడుతుందని, 35 శాతం స్థానికులు తెచ్చుకోవాలని పెట్టారు. 2021 మౌలిక వసతుల చట్టంలో ఇందుకోసం 11.8 కోట్ల డాలర్లు కేటాయించారు. వేల కట్టలకి అది ఏ మూలకి వస్తుందో మీరే ఊహించుకోండి. బాగుచేయడమంటే కట్ట ఎత్తు పెంచడం, అలుగు వెడల్పు చేయడం, పైపు మార్చడం, కొన్నిచోట్ల అలుగుని కాంక్రీటుతో కట్టడం. మరీ కాదంటే కింద ఉన్న ఇళ్లని కొనేయడం, లేదా కట్టనే తీసేయడం.

మన పల్లెల్లోనూ ఇది జరిగిందే. నీరటి మాన్యాలు, ఊరు కలిసి పూడిక తీసుకునే అలవాటు పోయాక కట్టని ఎవరిదీ కానిదిగా వదిలేశాం. సర్కారు తుమ్మ మొలిచింది. ఎవరైనా వస్తారులే అని అందరూ అనుకున్నారు. తెలంగాణలో మిషన్ కాకతీయ పేరుతో మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది.

మన వంతు

మనలో చాలామందికి ఇక్కడ ఓటు లేదు. వీసా మీద ఉన్నాం, రెండేళ్లకో మూడేళ్లకో ప్రాజెక్ట్ మారితే ఊరు మారతాం. కట్ట సంగతి మనకెందుకు అనిపించడం సహజం. కానీ ఇల్లు కొన్నవాళ్లం నేరుగా ప్రాపర్టీ టాక్స్ కడుతున్నాం. అద్దెకున్నవాళ్లం అద్దెలో కడుతున్నాం. పడుకునేది కట్ట కింద. నీళ్లు వీసా చూసి రావు.

హైదరాబాద్‌లో ప్లాట్ కొనేటప్పుడు ఇప్పుడు అందరూ అడిగే మొదటి ప్రశ్న ఏంటి? ఎఫ్‌టీఎల్‌లో ఉందా, బఫర్‌లో ఉందా అని. హైడ్రా వచ్చాక ఇక్కడి నుంచి ఫోన్ చేసి మరీ అడుగుతున్నాం. అదే ప్రశ్న ఇక్కడ ఇల్లు కొనేటప్పుడు ఎందుకు అడగం? చెరువు పక్కన ఇల్లయితే సర్వే కాగితంలో నీటి ఈజ్‌మెంట్ గీత ఎక్కడిదాకా ఉందో అడగండి. ఆ గీత లోపల నీళ్లు రావడానికి హక్కుంది, అది ఎవరో రైతు డెబ్బై ఏళ్ల కింద ఇచ్చిన మాట. మనం కొన్నది ఆ మాటతో కలిపే.

కట్టకి దిగువన ఇల్లయితే మామూలు ఫ్లడ్ మ్యాప్ చూసి సరిపెట్టుకోకండి. అది వాన వల్ల వాగు పొంగితే ఎక్కడిదాకా వస్తుందో చెబుతుంది. కట్ట తెగితే సంగతి సాధారణంగా అందులో ఉండదు. దానికోసం సైన్యం ఇంజనీర్ల విభాగం నడిపే జాతీయ డ్యాముల జాబితా ఉంది, ఇంటర్నెట్‌లో ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. మీ దగ్గరున్న కట్ట పేరు, కట్టిన ఏడాది, హజార్డ్ తరగతి వెతకొచ్చు. కొన్నిటికి మునిగే ప్రాంతం మ్యాప్ కూడా దొరుకుతుంది. ఇంటి ఇన్సూరెన్స్‌లో కానీ, అద్దె ఇంటి ఇన్సూరెన్స్‌లో కానీ మామూలుగా వరద కలవదు. వరద పాలసీ విడిగా తీసుకోవాలి. ప్రభుత్వ పథకంలో అయితే అది అమల్లోకి రావడానికి సాధారణంగా 30 రోజులు పడుతుంది. అంటే మబ్బు చూశాక కొంటే లాభం లేదు.

వాకింగ్‌లో కళ్లు తెరిచి ఉంచండి. కట్ట దిగువ వైపు ఎండాకాలంలో కూడా ఒకేచోట తడిగా ఉన్నా, బురదనీళ్లు ఊరుతున్నా, కొత్తగా నేల కుంగినా, బొరియ కనిపించినా ఒక ఫొటో తీసి సిటీకి ఫోన్ చేయండి. మట్టి కలిసిన ఊట మరీ ముఖ్యం, లోపల మన్ను కదులుతోందని అది చెబుతుంది. వాన తర్వాత ఆ కాంక్రీట్ పెట్టె దగ్గరికి పిల్లల్ని వెళ్లనివ్వకండి. నీళ్లు లోపలికి గుంజే జోరు పైనుంచి చూస్తే తెలియదు. సిటీ కౌన్సిల్ మీటింగ్‌లో మాట్లాడటానికి ఓటు అక్కర్లేదు, మూడు నిమిషాలు చాలు. ఈ కట్టకి ఈ ఏడాది ఎంత పెట్టారు అని ఒక్కరు అడిగినా ఆ ప్రశ్న రికార్డులో ఉంటుంది.

మట్టిపని మనకి కొత్త కాదు. పాలమూరు కూలీలు ఇంటికి తాళం వేసి, పిల్లల్ని చంకనేసుకుని, దేశంలో ఎన్నో ప్రాజెక్టులకి మట్టి మోశారు. వాళ్లు పోసిన కట్టల కింద వేరేవాళ్ల పొలాలు పండాయి. ఇక్కడ వేరేవాళ్లు పోసిన కట్ట కింద మనం ఇళ్లు కట్టుకున్నాం. 1950ల్లో ఆ కాగితం మీద సంతకం పెట్టిన పత్తి రైతుకి మనం వస్తామని తెలియదు. దిగువన ఎవరో ఒకరు ఉంటారన్నది మాత్రం తెలుసు.

ఈసారి వాకింగ్‌కి వెళ్లినప్పుడు ఆ కాంక్రీట్ పెట్టె దగ్గర ఒక్క నిమిషం ఆగి, కట్టకి అవతలి వైపు తిరిగి చూడండి. ఎన్ని ఇళ్ల పైకప్పులు కనిపిస్తాయో లెక్కపెట్టండి. అందులో మీ ఇల్లు ఉందేమో చూసుకోండి. మీ దగ్గరున్న కట్ట పేరూ నంబరూ కనుక్కుంటే మాకు రాయండి, వచ్చే ఎపిసోడ్‌లో చదువుతాం.